ముందు ప్రశ్న, తర్వాత సూది

పల్నాడు జిల్లా రొంపిచెర్లలో ఒక అక్క, ఒక తమ్ముడు. ఇద్దరికీ షుగరే. అక్క లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. రోజుకు నాలుగుసార్లు వేలు పొడుచుకుని మీటర్లో చూసుకుంటుంది. తమ్ముడికి మూడెకరాల మిర్చి, కాస్త పత్తి. అక్క కొనిచ్చిన మీటరు పెట్టెకు ఇంతవరకూ సీలు కూడా తీయలేదు. ఫార్మసీ చదివే తమ్ముడి కూతురు ఇద్దరికీ సమానంగా ఆయుధాలు అందిస్తుంటుంది. ఈ మనుషులు రాత కోసం కల్పించుకున్నవాళ్లే గాని, వాళ్ల తగువు మాత్రం కల్పన కాదు. కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో జరిగిందనుకోండి.

తమ్ముడు: నిన్న పొద్దున నువ్వు రెండు వేళ్లు పొడుచుకోవటం నేను చూశానక్కా. మొదటి వేలికి 168 వచ్చింది, మొహం మాడింది. రెండో వేలికి 151 వచ్చింది, అమెరికాలో, డల్లాస్‌లో ఉన్న నీ కొడుక్కి అదే పంపావు. నువ్వు చూసుకునేది షుగరా, మార్కులా?

అక్క: ఇక్కడ తెల్లారితే అక్కడ వాడికి పొద్దుగూకే వేళ. నా అంకె చూస్తేగాని వాడికి కన్ను మూతపడదు. పిల్లాడు కలవరపడకుండా తక్కువది పంపితే తప్పా?

తమ్ముడు: తప్పని ఎవరన్నారు? వాడి నిద్ర కోసం నీ నిద్ర పోగొట్టుకుంటున్నావంటున్నా. మొన్న రాత్రి రెండు పుల్కాలు తిని ఎనిమిదింటికే పడుకున్నావు. పొద్దున పెరిగిందని కళ్లనీళ్లు పెట్టుకున్నావు. ఏం తప్పు చేశానా అని మధ్యాహ్నం దాకా లెక్కలు తీశావు.

అక్క: తిన్నందుకు పెరిగితే తట్టుకుంటానురా. కడుపు మాడ్చుకున్నా పెరిగితే ఎవర్ని తిట్టుకోను?

తమ్ముడు: కాలేయాన్ని తిట్టుకో. అమ్మాయి చెప్పింది: తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు లేస్తాయట. లేవబోయే మనిషికి బలం కావాలని కాలేయం దాచిపెట్టుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుందట. షుగరు లేనివాళ్లకు ఇన్సులిన్ దాన్ని అక్కడికక్కడే సర్దేస్తుంది, మనకు సర్దలేదు. ఇందులో నీ పుల్కాల నేరమేం లేదు. ఇంకో సంగతి: ఆ 168, ఈ 151 రెండూ ఒకటే కావచ్చు.

అక్క: లెక్కల టీచరుతోనా ఆ మాట? పదిహేడు తేడా ఉంటే ఒకటెట్లా అవుతాయి?

తమ్ముడు: మీటర్లకు ఐఎస్ఓ 15197 అని ఒక ప్రమాణం ఉంది, 2013లో సవరించింది. అసలు విలువ వంద, ఆపైన ఉంటే, మీటరు నూటికి పదిహేను వంతులు అటూ ఇటూ చూపొచ్చు. నూటికి 95 సార్లు ఆ హద్దులో ఉంటే మీటరు పాసైనట్టే. నీ రక్తంలో నిజంగా 160 ఉందనుకో. 136 నుంచి 184 దాకా ఏది చూపించినా దాన్ని తప్పు పట్టేందుకు లేదు. ఆ సందులో ఉన్న అంకెకు సంతోషం ఒకటి, ఏడుపొకటా?

అక్క: సరే, ఒక్కో అంకెకు నేనిచ్చినంత బరువు లేదని ఒప్పుకుంటా. అట్లాగని అసలు చూడకుండా ఉండే నీ పద్ధతిని ఒప్పుకోను. నాయన సంగతి మర్చిపోయావా?

తమ్ముడు: మర్చిపోయేదేనా?

అక్క: నాయన రోజుల్లో ఇంట్లో రక్తం చూసుకునే దారి లేదు. గాజుగొట్టంలో నీలంగా ఉండే బెనెడిక్ట్ మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, దీపం మీద కాచేవాడు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ. మరీ ఎక్కువైతే ఇటుకరంగు. రక్తంలో దాదాపు 180 దాటితేగాని మూత్రంలోకి చక్కెర రాదని అప్పుడు మనకేం తెలుసు? గొట్టం నీలంగా ఉన్నన్నాళ్లూ నాయన ‘నాకేం, గుండ్రాయిలా ఉన్నా’ అన్నాడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి తెలియలేదు. చివరికి వేలు తీసేశారు. ఒళ్లు చెబుతుందని నమ్మినవాడి గతి అది. అందుకే నేను ఒంటి మాట వినను, మిషను మాట వింటా.

తమ్ముడు: ఆ గాజుగొట్టం నాకూ గుర్తుంది, నాకు గుర్తున్న తీరే వేరు. ఇటుకరంగు వచ్చిన పూట అమ్మ నాయనతో మాట్లాడేది కాదు. ‘తిను, తిని చావు’ అని పెదనాన్న అరుగు మీంచే అరిచేవాడు. పెళ్లి బంతిలో కూర్చుంటే నాయన విస్తట్లో ఏముందో పక్కవాళ్లు లెక్కపెట్టేవాళ్లు. ఆ మనిషి పెరట్లో గడ్డివామి చాటున బెల్లం ముక్క నోట్లో వేసుకోవటం నేను చూశాను. తన సొంత ఇంట్లో దొంగలాగ. నాకు సూదంటే భయం లేదక్కా. సూది తర్వాత పెట్టే పంచాయితీ అంటే భయం.

అక్క: ఈ మాట ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేంరా.

తమ్ముడు: నువ్వడిగింది ఎప్పుడూ ‘ఎంతుంది’ అనేగా.

అక్క: ఇప్పుడు నేను చెప్పేది విను. 1969లో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అని ఒక ఇంజనీరు. పన్నెండో ఏటి నుంచీ టైప్ 1 షుగరు, ఇన్సులిన్ మీదే బతుకు. రక్తంలో చక్కెర చూసే మిషను అప్పుడే వచ్చింది, ధర 650 డాలర్లు. దాన్ని ఆస్పత్రులకు, డాక్టర్లకు తప్ప రోగులకు అమ్మేవాళ్లు కాదు. ఆయన భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరున తెప్పించుకున్నాడు. ఏ తిండికి ఎంత పెరుగుతోందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత దిగుతోందో రోజూ తనే చూసుకుని దారిలో పెట్టుకున్నాడు. రోగి మాట డాక్టర్లు వినటం లేదని నలభయ్యో పడిలో మెడికల్ కాలేజీలో చేరి తనే డాక్టరయ్యాడు. ఒక రోగి పోరాడి సంపాదించిపెట్టిన హక్కు ఇది. నువ్వు దాన్ని అటక మీద పడేశావు.

తమ్ముడు: ఆయనకు అంకె చూశాక చేయటానికి పని ఉంది, ఇన్సులిన్ పెంచటమో తగ్గించటమో. నువ్వు వేసుకునేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. 168 వస్తే ఏం చేస్తావు? ఏడుస్తావు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఉత్తర ఐర్లాండ్‌లో టైప్ 2 కొత్తగా బయటపడిన 184 మందిని తీసుకుని, సగం మందికి మీటర్లిచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఏడాదికి చూస్తే హెచ్‌బీఏ1సీలో, అంటే మూణ్ణెల్ల సగటులో, తేడా లేదు. మీటరున్న వాళ్లలో మాత్రం దిగులు ఆరు శాతం ఎక్కువ తేలింది. 2017లో అమెరికాలో నార్త్ కరోలినాలో, ఇన్సులిన్ వాడని 450 మందిని ఏడాది చూశారు. రోజూ పొడుచుకున్నవాళ్లకూ పొడుచుకోనివాళ్లకూ సగటులో తేడా కనపడలేదు. ఒక్కో స్ట్రిప్పు పదిహేను, ఇరవై రూపాయలు. రోజుకు నాలుగంటే నెలకెంతో నువ్వే లెక్కేసుకో. దిగులు కొనుక్కోవటానికా అంత డబ్బు?

అక్క: ఆ పరిశోధనలు అడిగిన ప్రశ్న ఏంది? రోజూ చూసుకుంటే సగటు తగ్గుతుందా అని. తగ్గకపోవచ్చు. నేను నిన్నడిగే ప్రశ్న అది కాదు. నువ్వు ఏ మాత్ర వేసుకుంటావు?

తమ్ముడు: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసింది.

అక్క: ఎప్పుడు?

తమ్ముడు: పొద్దున ఆరింటికి, చేలోకి పోయేముందు. సద్ది పదింటికి వస్తుంది.

అక్క: గ్లిమెపిరైడ్ వేసుకుంటే వెంటనే ముద్ద కడుపులో పడాలిరా. తిండి ఉన్నా లేకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోవటం అరుదు. నీ మాత్రతో పడిపోతుంది. మొన్న మందు కొడుతూ గట్టు మీద కూలబడ్డావట, చేతులు వణికాయట, చెమటతో చొక్కా తడిసిందట. నా మరదలు చెప్పింది.

తమ్ముడు: ఎండ దెబ్బ అది. టీ తాగితే తగ్గింది.

అక్క: చక్కెర వేసిన టీనా?

తమ్ముడు: చేలో చక్కెర లేని టీ ఎవడిస్తాడు?

అక్క: మరి తగ్గింది నీడకా, చక్కెరకా? రెంటచింతల ఎండల పేరు ఏటా పేపర్లో చూసే జిల్లా మనది. నలభై నాలుగు డిగ్రీల్లో ఒళ్లు చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, కాళ్లు తేలిపోతాయి, కళ్లు తిరుగుతాయి. షుగరు పడిపోయినా సరిగ్గా ఇవే. షుగరు పెరిగితే దాహం, మిరప చేలో నిలబడ్డా దాహం. చల్లటి దేశంలో ఒంటి సాక్ష్యం కొంత చెల్లుతుందేమో. పల్నాటి ఎండలో అది ఎవరి తరఫున మాట్లాడుతోందో చెప్పలేం. మిషను లేకుండా ఆ రెంటినీ ఎట్లా విడదీస్తావు?

తమ్ముడు: …నాకా సంగతి తట్టలేదక్కా.

అక్క: నువ్వు ట్రాక్టరు తోలతావు, బండి మీద నరసరావుపేట పోయొస్తావు. అది గట్టు మీద కాకుండా రోడ్డు మీద జరిగితే?

తమ్ముడు: జరిగితే ఏం చేయాలో చెప్పు ముందు. అంకె చూసి బెంబేలెత్తటానికైతే నాకొద్దు.

అక్క: డెబ్బై కంటే తగ్గితే పదిహేను గ్రాముల చక్కెర. అంటే మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగటం. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడటం. లేవకపోతే మళ్లీ అంతే. లేచాక అన్నమో రొట్టో తినటం. మీటరు దగ్గర లేకపోతే అనుమానం మీదే చక్కెర తాగాలి, ఎదురుచూడకూడదు. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయాలి. ఇది నీకంటే నా మరదలికి, చేలో కూలీలకు తెలియాలి. మాత్ర వేళ, డోసు సంగతి డాక్టరుతో మాట్లాడు, నీ అంతట నువ్వు మానేయమాక.

తమ్ముడు: అట్టా చెప్పు. ‘ఎంత’ అని కాదు, ‘ఎంతైతే ఏం చేయాలి’ అని. ఇప్పుడు నా మాట విను. కల్లంలో కాయ ఆరబోశాం. గంటగంటకీ పోయి నలిపి చూస్తామా? చూడం. తిరగేయాలా, పట్టా కప్పాలా, సంచుల్లోకి ఎత్తొచ్చా అన్నప్పుడు గుప్పిట్లోకి తీసుకుని చూస్తాం. పచ్చి ఉండగా ఎత్తితే బూజు పడుతుంది, మరీ ఎండితే తూకం పోతుంది. చూసిన ప్రతిసారీ ఒక పని ఉంటుంది. పని లేని చూపు చూడం. నీ నాలుగు పోట్లలో పని ఉన్నదెన్ని?

అక్క: ఆలోచిస్తే… ఒకటీ అరా.

తమ్ముడు: ఆ ఒకటీ అరా ఉంచుకో. మిగతావి మానెయ్.

అక్క: అన్నీ మానితే మళ్లీ నాయన దారే. ఇంకో దారి చెబుతా. మనింట్లో పదేళ్లుగా తెగని తగువు: జొన్నరొట్టె. శ్రీనాథుడి కాలం నుంచీ పల్నాడంటే జొన్న. 1967లో సాగర్ కాలవలకు నీళ్లొదిలాక వరి వచ్చి కంచంలో కూర్చుంది. మళ్లీ జొన్నకు పోతే షుగరు పెరగదని నేను, అదేం లేదని నువ్వు.

తమ్ముడు: జొన్నరొట్టె నాలుగు తిని, ‘జొన్నే కదా’ అనుకుంటే పెరగదా? అదీ పిండే.

అక్క: తగువెందుకు? ఒక రోజు తినేముందు, తిన్న రెండు గంటలకు చూద్దాం, రెండు రొట్టెలు, పప్పు, గోంగూర. ఇంకో రోజు అదే కూరతో అన్నం. మరో రోజు అదే అన్నం తిని ఊరి చివరిదాకా నడిచి వద్దాం. ఒక్కసారి చూసి తేల్చకుండా, రెండు మూడు సార్లు. అప్పుడు అంకె నా మంచీచెడూ చెప్పదు, రొట్టె సంగతి చెబుతుంది.

తమ్ముడు: ఇది బావుంది. మందలిస్తే రొట్టెనే మందలిద్దాం.

అక్క: అమెరికాలో విలియం పొలాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసింది ఇలాంటిదే, 2011లో అచ్చయింది. డాక్టరు దగ్గరికి పోయేముందు వరసగా మూడు రోజులు, రోజుకు ఏడుసార్లు చూసి ఒక కాగితం మీద గీసుకెళ్లమన్నారు. మూణ్ణెల్లకోసారి అంతే. డాక్టరు ఆ గీత చూసి మందు మార్చాడు, రోగి తిండి మార్చుకున్నాడు. ఇన్సులిన్ వాడని వాళ్లకే హెచ్‌బీఏ1సీ తగ్గింది. నీ పరిశోధనలూ ఇదీ కొట్టుకోవురా. అవి చేతిలో అంకె పెట్టాయి. ఇది అంకె తర్వాత ఏం చేయాలో కూడా పెట్టింది.

తమ్ముడు: పొలాన్‌స్కీ పేరు అమ్మాయి నోట కూడా విన్నా. 1995లో ఇరవై ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది ఆయన బృందమేనట. ఎంత తిన్నావు, ఎంత నడిచావు అని కాదు. ఈ జబ్బుతో బతకటం నీకెంత బరువుగా ఉంది అని అడుగుతుందట. తిండి తప్పినప్పుడు దోషిలా అనిపిస్తుందా, ముందుముందు ఏమవుతుందోనని దిగులా, ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోవటం లేదా… మన డాక్టర్లెవరైనా ఆ మాట అడిగారా నిన్ను?

అక్క: అడిగేందుకు తీరికేది? కాగితం చూసి మందు రాయటానికే సరిపోతుంది. అడగకపోతే మనమే చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెట్టింది మన జిల్లా లింగంగుంట్లలోనే. ఊళ్లోకి డాక్టరు రావాలన్నది దాని ఉద్దేశం. ఊరికొచ్చే డాక్టరుకో ఏఎన్ఎమ్‌కో బీపీతో పాటు ఈ సంగతీ చెప్పొచ్చు. షుగరుతో వచ్చే విసుగు వేరు. రెండు వారాలు దాటి దేనిమీదా మనసు లేక, తిండీ నిద్రా పోయి, బతకటం దేనికనిపిస్తే అది వేరు. దాన్ని షుగరు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

తమ్ముడు: నీకట్టా అనిపించిందా అక్కా?

అక్క: లేదు. నాది విసుగే. విసుగు కన్నా సిగ్గు. పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించినదాన్ని, నా ఒంటి లెక్క నేనే తప్పుతున్నానని సిగ్గు.

తమ్ముడు: 2023లో ఐసీఎంఆర్ వాళ్ల లెక్క వచ్చింది, దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మంది. అంచు మీదున్నవాళ్లు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. పట్నం జబ్బన్నదీ పాతమాటే. గోదావరి జిల్లాల పల్లెల్లో చూసి 2006లో వేసిన లెక్కలోనే ముప్పై దాటిన వాళ్లలో నూటికి 13 మందికి షుగరుంది. ఇంతమందీ లెక్క తప్పినవాళ్లేనా? నీ హెచ్‌బీఏ1సీ ఎంత?

అక్క: పోయినసారి 7.2.

తమ్ముడు: ఏడు అంటే మూణ్ణెల్ల సగటు 154 దగ్గర అని అమ్మాయి చెప్పింది. చాలామందికి డాక్టర్లు పెట్టే గురి ఏడే. వాకిట్లోకొచ్చి నిలబడ్డావు, ఇంకా ఊరవతల ఉన్నట్టు ఏడుస్తావేంది?

అక్క: మరి మా అబ్బాయేమో చేతికి అంటించే సెన్సర్ పంపుతానంటున్నాడు. ఒకటి అంటిస్తే రెండు వారాలు పనిచేస్తుందట, నా షుగరు ఎప్పటికప్పుడు వాడి ఫోన్లో కనపడుతుందట.

తమ్ముడు: ఇన్సులిన్ వేసుకునే పసిపిల్లలకు అది ప్రాణం నిలబెట్టే వస్తువు. నీకైతే నువ్వు మైసూర్‌పాక్ ముట్టుకోగానే డల్లాస్‌లో గంట మోగుతుంది. వద్దని చెప్పు.

అక్క: నేను చెబితే వినడు. మేనమామవి నువ్వు చెప్పు.

తమ్ముడు: చెబుతా. ఇప్పుడు నా షరతులు. పెట్టె సీలు తీస్తా. చేతులు వణికినప్పుడు, ట్రాక్టరు ఎక్కేముందు, డాక్టరు దగ్గరికి పోబోయే మూడు రోజులు చూస్తా. జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకుంటా. అంకె ఎంతొచ్చినా ఇంట్లో ఒక్కళ్లు కూడా ‘ఏం తిన్నావు’ అనకూడదు. ‘ఇప్పుడేం చేద్దాం’ అనాలి.

అక్క: ఒప్పుకున్నా. స్ట్రిప్పుల డబ్బా మాత్రం ట్రాక్టరు టూల్ పెట్టెలో పడేయమాక. చాలా కంపెనీలవి ముప్పై డిగ్రీల లోపు ఉంచాలి, ఎండలో పాడైన స్ట్రిప్పు నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఇంట్లో చల్లటి గదిలో మూత బిగించి పెట్టుకో, ఫ్రిజ్‌లో వద్దు. చేలోకి తీసుకుపోయినప్పుడు ఆ డబ్బాను నీడపట్టున ఉంచుకో. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని, వేలి పక్కన పొడుచుకో.

తమ్ముడు: కారం చేత్తో పొడుచుకుంటే షుగరు సంగతేమోగాని ప్రాణం పోతుందిలే. మరి నీ సంగతి?

అక్క: డాక్టరుతో మాట్లాడి వారానికి రెండు రోజులు చూస్తా. జొన్నరొట్టె పరీక్షలు వేరే. జ్వరమొచ్చినా మందు మారినా కాస్త ఎక్కువ. వాడికి రోజువారీ అంకె పంపను, మూణ్ణెల్లకోసారి హెచ్‌బీఏ1సీ పంపుతా. మధ్యలో ఫోన్ చేస్తే వేరే కబుర్లు చెప్పుకుంటాం. ఒక్కటి మాత్రం నేను వదలను. నువ్వు పుస్తకం రాయాలి.

తమ్ముడు: రాయను. మిషన్లోనే ఉంటాయిగా అంకెలు.

అక్క: అంకె మిషన్లో ఉంటుంది. ఆ పూట నువ్వు సద్ది తిన్నావా, పస్తున్నావా, ఎండలో ఎంతసేపు ఉన్నావో దానికేం తెలుసు? అది రాయకపోతే డాక్టరు మాత్ర ఎట్లా మారుస్తాడు?

తమ్ముడు: షుగరు పుస్తకమని వేరే పెట్టను. నాయన గాజుగొట్టం గుర్తొస్తుంది. కూలీల లెక్కల పుస్తకంలో ఒక పక్కన రాస్తా.

అక్క: పురుగుమందుల బాకీ పక్కనా?

తమ్ముడు: ఆ పక్కనే. చేను పండాలంటే అయ్యే ఖర్చుల్లో ఇదీ ఒకటి.